దుంగల దడి గుంటలను చదివే పద్ధతి: విశాఖ పురావస్తు విద్యార్థులకు

నవీన శిలాయుగపు దుంగల దడి (వరుసగా దుంగలు పాతి కట్టిన కంచె) తవ్వకపు పటం చేతికి రాగానే దానిని కోట అనేయకుండా ముందు గుంటలను చూడాలి. కర్ర ఏనాడో కుళ్లిపోయింది; రాట పాతిన చోట రంగు మారిన మట్టి మాత్రమే మిగిలింది. మట్టి రంగుల తేడాను పట్టే చూపు అలవడాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన గోడలను పరిశీలించవచ్చు. అవి రక్షిత స్థలం కనుక అక్కడ తాపీ కూడా తాకించరాదు.

తరువాత దడి చుట్టుకొలతను గుంటల సంఖ్యతో భాగించండి. ఇంగ్లండులోని మౌంట్ ప్లెజెంట్‌లో క్రీ.పూ. 2500 ప్రాంతంలో సుమారు 800 మీటర్ల కందకంలో దాదాపు 1,600 ఓక్ దుంగలు నిలబెట్టారు. అంటే అర మీటరుకు ఒకటి. వేల్స్‌లోని హిండ్‌వెల్ దడి దాదాపు 34 హెక్టార్లను చుట్టింది. లోహపు గొడ్డలి లేని కాలంలో అన్ని చెట్లను నరికి, ఈడ్చి, లోతైన గుంటల్లో నిలబెట్టాలంటే ఎందరో మనుషులు ఒకచోట చేరాలి, వారందరికీ ఎవరో అన్నం పెట్టాలి. నా దృష్టిలో ఈ పటాలు చెప్పే అతి ముఖ్యమైన సంగతి ఇదే. అయితే ఇంత శ్రమ కనిపించినంత మాత్రాన రాజు ఉన్నాడని తీర్మానించకూడదు. మొక్కుగానో బంధుత్వ బాధ్యతగానో కూడా జనం కూడతారు.

ద్వారం వెడల్పు తప్పక కొలవండి. మౌంట్ ప్లెజెంట్ ద్వారాలు మీటరు కంటే ఇరుకైనవి కనుక, లోపలికి ఎవరు రావాలో నిర్ణయించే వారున్నారని ఊహించడానికి ఆధారముంది.

దడి ఎలా ముగిసిందో గుంటే చెబుతుంది. అంచులు చెదిరి గుంట నోరు వెడల్పైతే దుంగను పెరికారు. బొగ్గు కనిపిస్తే మాత్రం జాగ్రత్త అవసరం: అడుగుభాగం కుళ్లకుండా పాతడానికి ముందే కాల్చి ఉండవచ్చు, లేదా నిలబడిన దడికే నిప్పు పెట్టి ఉండవచ్చు. కాలనిర్ణయానికి దుంగ బయటి వలయాల (చెట్టులో ఏటేటా పెరిగే పొరల) బొగ్గునే పంపండి. లోపలి వలయాలు చెట్టు నరికిన నాటికే ఎంతో పాతవి.

చివరగా మన ఉట్నూరుతో పోల్చండి. ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు దడి రాటల గుంటలతో పాటు పశువుల గిట్టల గుర్తులు, కాలిన పేడ పొరలు బయటపడ్డాయి. అక్కడ దడి పశువుల దొడ్డిదని చెప్పగలుగుతున్నది ఆ గిట్టల వల్లనే. అలాంటి సాక్ష్యం లేని పటం మీద దొడ్డి అని గానీ, కోట అని గానీ రాయకుండా ‘దడి’ అని మాత్రమే రాసి ఉంచండి.