హోటల్లో టిప్పు ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరి చేతికి ఇవ్వాలి?

హనుమకొండ చౌరస్తాలో బిర్యానీ తిని లేచేటప్పుడు, నక్కలగుట్టలో పిల్లల పుట్టినరోజు చేసుకుని బిల్లు అడిగేటప్పుడు చాలామందికి ఒకటే ఇబ్బంది. సర్వర్ పక్కనే నిలబడి ఉంటాడు. ఇవ్వాలా, అక్కర్లేదా? ఇస్తే ఎంత? జేబులో చూస్తే ఐదువందల నోటు తప్ప చిల్లర ఉండదు. చివరికి ఫోన్‌తో బిల్లు కట్టేసి, అతని మొహం చూడకుండానే మెట్లు దిగేస్తాం.

డిగ్రీ చదివేటప్పుడు, 2018లో, నేను హనుమకొండలోనే ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌లో సాయంత్రాలు సర్వర్‌గా పని చేశాను. ఒక ఆదివారం పన్నెండు మంది పుట్టినరోజు పార్టీకి వచ్చారు. దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. కేక్ క్రీమ్ కుర్చీలకు, నేలకు అంటింది. నేనూ, టేబుల్ తుడిచే అబ్బాయీ కలిసి అంతా శుభ్రం చేశాం. వెళ్లేటప్పుడు ఆ ఇంటి పెద్దాయన "మంచిగ చూస్కున్నవ్ తమ్మీ, నీకు రెండు వందలు కలిపి కొట్టిన" అని ఫోన్ చూపించారు. ఆయన స్కాన్ చేసింది గల్లా మీద ఉన్న ఓనర్ స్కానర్‌ని. నెలాఖరున అడిగితే, అందులో ఏది బిల్లో ఏది టిప్పో లెక్క లేదన్నారు. ఆయన మనసుతో ఇచ్చిన డబ్బు మా ఇద్దరిలో ఎవరికీ చేరలేదు. అందుకే ఎంత ఇచ్చారన్నదానికంటే ఎవరి చేతిలో పడిందన్నదే ముందు చూడాలని నేను అందరికీ చెప్తాను.

ముందు బిల్లు చదవండి

టిప్పు గురించి ఆలోచించే ముందు బిల్లు కింది భాగం చూడండి. సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం అని రెండు వరుసలు ఉంటాయి. మామూలు రెస్టారెంట్లలో పన్ను ఈ 5 శాతమే. ఇది ప్రభుత్వానికి వెళ్తుంది. సర్వర్‌కు ఇందులో రూపాయి కూడా రాదు. "ట్యాక్స్ కట్టాం కదా, మళ్లీ టిప్పెందుకు" అనే మాట చాలాసార్లు విన్నాను, రెండింటికీ సంబంధం లేదు.

ఆ రెండు వరుసల పైన "సర్వీస్ ఛార్జ్" అని ఇంకోటి కనిపిస్తే ఆగండి. లెక్క చూడండి: భోజనం 840 రూపాయలు అయితే పన్ను 42, మొత్తం 882. అదే 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తే 84 రూపాయలు కలిసి 924 అవుతుంది, దాని మీద పన్ను వేస్తే మొత్తం 970 రూపాయల 20 పైసలు. అంటే 88 రూపాయల 20 పైసలు మిమ్మల్ని అడగకుండానే తీసుకున్నట్టు.

ఇలా వేయకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో వాటంతట అవే కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, కట్టనన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది.

కాబట్టి గొంతు పెంచకుండా, "ఇది తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండన్నా" అని కౌంటర్‌లో అడగండి. సర్వర్‌తో వాదించొద్దు, బిల్లు కొట్టింది అతను కాదు. తీసేది లేదంటే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. జిల్లా కలెక్టర్‌కూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. మన దగ్గర హనుమకొండ, వరంగల్ వేర్వేరు జిల్లాలు కాబట్టి హోటల్ ఏ జిల్లాలో ఉందో చూసుకుని ఆ కలెక్టరేట్‌కే ఇవ్వండి. బిల్లు మాత్రం పారేయొద్దు.

తెలిసే ఆ ఛార్జ్ కట్టారా? అయితే టిప్పు ఇవ్వాల్సిన పని లేదు. అయినా అది సిబ్బందికి చేరుతుందో లేదో సర్వర్‌ను మెల్లగా అడగండి. నేనైతే అది తీయించి, అందులో సగమైనా అతని చేతికే ఇస్తాను.

ఎక్కడ ఇవ్వాలి, ఎంత?

టిప్పు తప్పనిసరి కాదు. మన దగ్గర శాతం లెక్కలు కట్టే అలవాటు కూడా లేదు. మా నాయనమ్మ కాలంలో దీన్ని ఇనాం అనేవాళ్లు, పని నచ్చి ఇచ్చేది అని. ఇప్పటికీ ఆ లెక్కే సరిపోతుందని నా అభిప్రాయం.

టోకెన్ తీసుకుని నిలబడి తినే టిఫిన్ సెంటర్లలో, చాయ్ బండి దగ్గర, కర్రీ పాయింట్‌లో అక్కర్లేదు. ఓనరే వడ్డించే చోట కూడా అక్కర్లేదు, ఆయనకు మంచి మాట చాలు.

కూర్చోబెట్టి వడ్డించే చోట నేను పాటించేది ఇది: బిల్లు మూడు వందల లోపైతే పది, ఇరవై. వెయ్యి దాకా అయితే ముప్పై నుంచి యాభై. అంతకు మించితే బిల్లులో 5 శాతం చుట్టూ చూసుకుంటాను. పది మందితో వెళ్లి టేబుళ్లు జరిపించి, మధ్యలో నాలుగుసార్లు నీళ్లు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ అడిగి రెండు గంటలు కూర్చుంటే 10 శాతం ఇవ్వడం న్యాయం. ఆ రెండు గంటలు ఆ సర్వర్ వేరే టేబుల్ చూసుకోలేడు.

మండీ హోటల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కింద కూర్చుని నలుగురం ఒకే పెద్ద పళ్లెంలో తింటాం. ఆ పళ్లెం బరువుగా ఉంటుంది, దాన్ని నడుం వంచి నేల మీద పెట్టాలి, తిన్నాక బొక్కలతో సహా నడుం వంచే ఎత్తాలి. రాత్రి పదకొండు దాకా అదే పని. అక్కడ నేను లెక్క చూసుకోకుండా ఇంకో ఇరవై ఎక్కువే ఇస్తాను. మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు హోటళ్లలో కూడా అంతే. జాతర నడిచే రోజుల్లో అక్కడ వడ్డించేవాళ్లకు నిద్ర ఉండదు.

ఇంటికి తెప్పించుకున్నప్పుడు, మే నెల మధ్యాహ్నం వడగాలిలోనో, వానలో తడుస్తూనో మూడో అంతస్తు ఎక్కి వచ్చిన అబ్బాయికి ఇరవై రూపాయలు, ఒక గ్లాసు చల్లటి నీళ్లు ఇవ్వండి. ముందు నీళ్లు.

ఎలా ఇవ్వాలి?

బిల్లు ఫోన్‌తో కట్టినా టిప్పు నోటుగా ఇవ్వండి. దానికోసం హోటల్‌కు బయల్దేరే ముందే పదులు, ఇరవైలు, యాభై నోటు ఒకటి జేబులో వేరుగా పెట్టుకోండి. పదిరూపాయల బిళ్లలు వద్దు. అవి చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు చెప్తూనే ఉన్నా మన దగ్గర చాలా దుకాణాల్లో తీసుకోరు, ఆ అబ్బాయి వాటితో తిప్పలు పడతాడు.

సోంపు, చక్కెర పెట్టి తెచ్చే బిల్లు ఫోల్డర్‌లో డబ్బు వదిలేయడం చూడ్డానికి మర్యాదగా ఉంటుంది. కానీ ఆ ఫోల్డర్ తీసుకెళ్లేది చాలాచోట్ల సర్వర్లను చూసుకునే కెప్టెన్, వడ్డించినవాడు కాదు. కొన్ని హోటళ్లలో అందరి టిప్పులూ డబ్బాలో వేసి రాత్రి పంచుకుంటారు, వంటగదిలో గిన్నెలు కడిగే ఆమెకూ వాటా వస్తుంది. అది మంచి పద్ధతే. "మీరు టిప్పు పంచుకుంటరా, ఎవరిది వాళ్లకేనా?" అని ఒక్కసారి అడిగితే చెప్తారు. పంచుకుంటామంటే డబ్బాలో వేయండి, లేదంటే చేతిలో పెట్టండి.

నోట్లు లేకపోతే అతని సొంత నంబర్‌కు పంపొచ్చా అని అడగండి. కొందరు ఓనర్లు ఒప్పుకోరు, అతను వద్దంటే బలవంతం చేయొద్దు.

ఇచ్చేటప్పుడు పిలిచే తీరు కూడా చూసుకోవాలి. చిటికె వేసి, "ఏయ్" అని పిలిచి తర్వాత యాభై ఇస్తే ఆ యాభైకి విలువ ఉండదు. చిన్నవాడైతే తమ్మీ, పెద్దవాడైతే అన్నా. ఇప్పుడు మన హోటళ్లలో ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లను భయ్యా అంటే చాలు. "మంచిగ పెట్టినవ్" అన్న మాట నేను పని చేసిన రోజుల్లో టిప్పు కంటే ఎక్కువ కాలం గుర్తుండేది.

ఎప్పుడు ఇవ్వొద్దు?

కూరలో ఉప్పు ఎక్కువైతే, బిర్యానీ ముప్పావుగంట ఆలస్యమైతే ఆ తప్పు వంటగదిది. ఆదివారం ఒక్కడే ఆరు టేబుళ్లు చూసుకుంటూ పరిగెత్తుతుంటే, మనుషుల్ని తక్కువ పెట్టుకున్న ఓనర్‌ది. దానికి సర్వర్ టిప్పు కోయొద్దు. అతనే నిర్లక్ష్యంగా మాట్లాడితే, పిలిచినా పలకకపోతే మానేయండి, మొహమాటం అక్కర్లేదు. చెయ్యి చాచి అడిగినా, ఇచ్చింది చాలదన్నా ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు.

టేబుల్ తుడిచేది పద్నాలుగేళ్లు నిండని పిల్లవాడైతే మాత్రం టిప్పు ఇచ్చి వచ్చేయొద్దు. ఆ వయసు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. బయటికి వచ్చాక 1098కి ఫోన్ చేసి హోటల్ పేరు, చోటు చెప్పండి.

రోజూ తినే చోట

నయీంనగర్ వైపు రూముల్లో ఉండి మెస్‌లో తినే విద్యార్థులు పూటపూటకూ ఇవ్వలేరు, ఇవ్వక్కర్లేదు. దసరాకు ఊరెళ్లే ముందు రూమ్మేట్లందరూ తలా యాభై వేసుకుని దసరా మామూలుగా ఇవ్వండి. ఇచ్చే ముందు వెనక గిన్నెల దగ్గర ఎవరున్నారో ఒకసారి చూసి, వాళ్ల వాటా వేరే తీసి పెట్టండి.