బిడ్డ కోసం చూస్తున్నారా? అండానికి సద్ది కట్టే ఈ మూడు నెలలు ఏం చేయాలి?

మన దగ్గర కోడలు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఇంట్లో తిండి మారుతుంది. పాలు, గుడ్డు, దానిమ్మ పండ్లు అప్పుడు గుర్తొస్తాయి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం కూడా గర్భిణిగా పేరు రాయించుకున్నాకే. ఆ తిండి చాలా అవసరం, కాదనను. కానీ ఆ బిడ్డకు మూలమైన అండం అంతకు మూడు నెలల ముందు నుంచే పెరుగుతూ వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి ఏం తిన్నది, ఎంత పడుకున్నది అని ఎవరూ అడగలేదు.

ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. ఏళ్ల తరబడి నిద్రలో ఉన్న అండం మేల్కొన్నాక, చివరి పెరుగుదలకు దాదాపు 85 నుంచి 90 రోజులు పడుతుంది. అంటే బతుకమ్మకు తిండి మార్చుకుంటే ఆ ఫలం సంక్రాంతికి విడుదలయ్యే అండానికి అందుతుంది.

కణానికి శక్తినిచ్చేవి మైటోకాండ్రియాలు. కణంలోని పొయ్యిలు అనుకోండి. పూర్తిగా ఎదిగిన ఒక్క అండంలో ఇవి లక్షకు పైనే ఉంటాయి. వీర్యకణంలో ఉండేవి వంద లోపే, అవి కూడా తర్వాత నశించిపోతాయి. ఫలదీకరణ జరిగి గర్భసంచికి అతుక్కునే దాకా, దాదాపు వారం రోజులు, పిండం కొత్త మైటోకాండ్రియాలను పెంచుకోదు. అండం తెచ్చుకున్నవాటితోనే గడుపుకోవాలి. పొలానికి పోయేటప్పుడు కట్టుకున్న సద్దిలాగా అన్నమాట. తల్లిదండ్రుల పోలికలను బిడ్డకు మోసుకెళ్లే క్రోమోజోములు సరిగ్గా విడిపోవడానికి కూడా ఆ శక్తే కావాలి.

ఒక మాట ముందే చెప్పాలి. తిండి వయసును వెనక్కి తిప్పలేదు. 35 దాటాక క్రోమోజోముల పొరపాట్లు పెరుగుతాయి, దాన్ని ఏ లడ్డూ ఆపదు. వయసు 35 లోపుంటే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 40 దాటితే ఆగకండి. ఆహార నియమాల పేరుతో ఆ నెలలు పోగొట్టుకోవద్దు.

మొదట పరీక్షలు, ఇద్దరికీ

ఆమెకు రక్తం శాతం, థైరాయిడ్, షుగర్, వీలైతే బి12 చూపించండి. అదే వారంలో ఆయనకు వీర్య పరీక్ష. ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా చెల్లె రెండేళ్లు మందులు మింగింది, ఇంజెక్షన్లు వేయించుకుంది. ఆ ఆస్పత్రిలో ఒక్కసారి కూడా మా మరిదికి పరీక్ష రాయలేదు. చివరికి లోపం అక్కడే ఉన్నట్టు తేలింది. ఆ రెండేళ్లు అది పడ్డ మాటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఏఎంహెచ్ పరీక్ష గురించి కూడా తెలుసుకోండి. అది అండాలు ఎన్ని మిగిలాయో అంచనా చెబుతుంది, అవి ఎంత మంచివో చెప్పదు. ఆ నంబర్ తక్కువ వచ్చిందని రిపోర్ట్ పట్టుకుని ఏడవకండి.

ఫోలిక్ యాసిడ్ ఈరోజే

ఇది ఒక బి విటమిన్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు. గర్భానికి కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి, ఈ మూడు నెలలూ వేసుకుంటే ఇంకా మంచిది. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం గర్భం వచ్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. వారానికోసారి ఇచ్చే ఎర్ర మాత్ర రక్తహీనత కోసం, దీనికి బదులు కాదు. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా డోసు డాక్టరే చెప్పాలి.

పళ్లెంలో ఏముండాలి

ఇనుము, బి విటమిన్లు, మెగ్నీషియం లేకపోతే అండంలోని ఆ పొయ్యి సరిగ్గా మండదు. ఇవేవీ దూరం నుంచి తెప్పించుకునేవి కావు. మన తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. అన్నం పళ్లెం నిండా, కూర పక్కన ఇంత ముద్ద, అది కూడా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది. నన్నడిగితే మొదట మారాల్సింది ఈ అలవాటే.

అన్నం సగానికి తగ్గించి ఒక పూట జొన్న రొట్టె పెట్టుకోండి. రోజూ ఒక ఆకుకూర ఉండాలి: తోటకూర, మునగాకు, గంగవాయిలి, పుంటికూర, ఏది దొరికితే అది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే పట్టదు, గంట ఆగండి. చాయ్ కూడా రోజుకు రెండు కప్పులతో సరిపెట్టుకోండి. బెబ్బర్లు, పెసర్లు, ఉలవలు నానబెట్టి మొలక కట్టి ఉడికించుకోండి. తినేవాళ్లయితే రోజూ ఒక గుడ్డు, వారంలో రెండుసార్లు చెరువు చేప. శాకాహారులైతే బి12 మాత్ర గురించి డాక్టర్‌ని తప్పక అడగండి.

చిరుతిండికి నేను చెప్పేది మలీద. సద్దుల బతుకమ్మ నాడు చేసేదే, వారంలో రెండు మూడు సార్లు చేసుకోవచ్చు. వేడి సజ్జ రొట్టె పెనం మీద నుంచి దించగానే తుంచి పళ్లెంలో వేయండి. ఆరితే గట్టిపడి నలగదు, అందుకే వేళ్లు కాలుతున్నా అప్పుడే నలపాలి. చారెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు వేయించి దంచి కలపండి. బెల్లం నిమ్మకాయంత చాలు, పండగనాడు వేసినంత వద్దు. చెంచాడు నెయ్యి వేసి అరచేతితో అదిమితే ముద్ద కడుతుంది. వేయించిన అవిసెల పొడి కలిపితే ఇంకా మేలు. షుగర్ ఉన్నా, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పుతూ ఉండే సమస్య) ఉన్నా బెల్లం మానేసి నువ్వులు, పల్లీలే తినండి.

మానాల్సింది మళ్లీ మళ్లీ మరిగిన నూనెలో వేసిన బజ్జీలు, డాల్డాతో చేసిన బేకరీ పఫ్‌లు. ఇలాంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వులు ఎక్కువ తినేవాళ్లలో అండం విడుదల కాని సమస్య ఎక్కువని అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలో కనిపించింది.

ఉపవాసాల మాట

సంతానం కోసం మొక్కుకుని సోమవారం, శనివారం పస్తులుండే అక్కచెల్లెళ్లు చాలామంది. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ తిండి చాలని ఒళ్లు ముందు అండం విడుదలనే ఆపుతుంది. ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు పండ్లు, పాలు, పల్లీలతో ఉపవాసం చేయండి. బరువు ఎక్కువై పీసీఓఎస్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిన పడుతుంది. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట మీదో, మీ ఊరి చెరువు కట్ట మీదో రోజూ అరగంట గట్టిగా నడవండి. రాత్రి పదిన్నరకల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

తంబాకు, పురుగు మందు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎంతోమంది బీడీలు చేస్తారు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి చుట్టి దారం కట్టే ఆ చేతులకు గంటల తరబడి పొడి అంటుతూనే ఉంటుంది. నికోటిన్ చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లోకి వెళ్తుంది, బీడీ తాగకపోయినా సరే. బతుకుదెరువును మానెయ్యమనడం తేలిక కాదు. కనీసం ఈ కొన్ని నెలలు ఇంట్లో ఇంకొకరికి ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకుంటే గాలి ఆడే వాకిట్లో కూర్చోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, అన్నం ముద్ద ముట్టే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడగండి. పత్తికి, మిర్చికి మందు కొట్టే రోజు చేనుకు పోవద్దు. ఆయన కొట్టి వస్తే ఆ బట్టలు ఆయనే విడిగా ఉతుక్కోవాలి.

వీర్యకణం తయారు కావడానికి 70 రోజులకు పైనే పడుతుంది. కాబట్టి బీడీ, గుట్కా, తాగుడు మానడం ఈ మూడు నెలలూ ఆయనకు వర్తిస్తుంది.

కోక్యూ10 కొనాలా?

కోఎంజైమ్ క్యూ10 మైటోకాండ్రియాలో శక్తి తయారీకి నిజంగానే కావాలి. ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ పద్ధతి) చేయించుకునేవాళ్ల మీద చిన్న పరిశోధనల్లో అండాల సంఖ్య కొంత పెరిగింది కానీ, బిడ్డలు పుట్టడం పెరిగిందని గట్టిగా రుజువు కాలేదు. ఖరీదైన మాత్ర. డాక్టర్ రాస్తే వాడండి, లేకుంటే ఆ డబ్బుతో గుడ్లు, చేపలు కొనుక్కోండి. డీహెచ్ఈఏ అనే హార్మోన్ మాత్ర మాత్రం సొంతంగా అసలు ముట్టొద్దు. పేరు లేని పొట్లంలో కట్టిచ్చే చూర్ణాలు కూడా అంతే.

ఏ రోజుల్లో కలవాలి

విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది, వీర్యకణం ఐదు రోజుల దాకా బతకగలదు. నెలసరి 28 రోజులకు వచ్చేవాళ్లు 10వ రోజు నుంచి 16వ రోజు వరకు రోజు విడిచి రోజు కలిస్తే చాలు. క్యాలెండర్ పట్టుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు.

నెల తప్పితే ఫోలిక్ యాసిడ్ ఆపకండి, 12 వారాలు నిండే దాకా కొనసాగించాలి. వాడుతున్న మిగతా మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని మొదటి చెకప్ రోజే డాక్టర్ ముందు పెట్టండి. ఏది ఉంచాలో, ఏది ఆపాలో వాళ్లు చెబుతారు.