నల్ల పైపు అతుకు: మూడో పాఠం

క్రితం పాఠంలో పైపును వంకర లేకుండా కోయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ ముక్కను కంప్రెషన్ కప్లింగ్‌లోకి, అంటే నట్టు బిగించి రెండు పైపులను కలిపే అతుకులోకి, ఎక్కిద్దాం. మన చేతిలో ఉన్నది 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపు, అంటే నల్లటి ప్లాస్టిక్ పైపు. కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల్లో బోరు నుంచి తొట్టి దాకా పరిచేది ఇలాంటిదే. 32 అన్నది పైపు బయటి కొలత. లోపలి బెజ్జం కొలుచుకుని షాపుకెళ్తే తప్పు సైజు తెచ్చుకుంటారు.

ముందు కప్లింగ్ ఒక వైపు విప్పి చూడండి. నట్టు, దాని లోపల పళ్లున్న చీలిక రింగు, ఆ తర్వాత చిన్న బుష్, అడుగున రబ్బరు ఓ-రింగు. నీళ్లను ఆపేది ఓ-రింగు. పైపు ఊడి రాకుండా కరిచి పట్టుకునేవి పళ్లు. ఆ పళ్లను పైపు మీదకు నొక్కడమే నట్టు పని.

ఇది తెలియకముందు మా మావయ్య తోటలో ఒక అతుకు వేశాను. చుక్కలు కారాయి. "ఇంకొంచెం బిగించు బాబూ" అన్నాడాయన. పైప్ రెంచితో బలంగా తిప్పాను, నట్టు పగిలింది. విప్పి చూస్తే ఓ-రింగు మీద గాటు! కోసిన అంచును నున్నగా చెయ్యకుండా తోసేశాను, ఆ పదునుకే రబ్బరు తెగింది. అందుకే కారితే బిగించకండి, విప్పండి.

ఇక మీ వంతు. పైపు బయటి అంచును కత్తితో చుట్టూ ఏటవాలుగా చెక్కండి. మట్టి తుడవండి. కప్లింగ్ లోపల పైపు ఆగే చోటు ఎంత లోతుందో కొలిచి, పైపు మీద గీత పెట్టండి. నట్టును పూర్తిగా తీయకుండా మూడు నాలుగు చుట్లు వదులు చేస్తే చాలు. కొనకు సబ్బునీళ్లు రాసి, నూనె మాత్రం వద్దు, మెలితిప్పుతూ తోయండి. ఓ-రింగు దగ్గర గట్టిగా తగులుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. గీత లోపలికి వెళ్లే దాకా తోయాలి. తర్వాత నట్టును చేత్తో గట్టిగా బిగించండి, ఈ సైజుకి చెయ్యి చాలు. ఈ నట్టు మరలకు టెఫ్లాన్ టేపు అక్కర్లేదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. పది మీటర్ల నల్ల పైపు 20 డిగ్రీలు చల్లబడితే మూడు నాలుగు సెంటీమీటర్లు కుదించుకుపోతుంది. తిన్నగా లాగి బిగిస్తే రాత్రికి అతుకు మీద లాగుడు పడుతుంది. పైపును కొంచెం వంకర్లు పోనిచ్చి పరచండి.

వచ్చే పాఠంలో రాగి గొట్టం, దాన్ని కరిచి పట్టే ఇత్తడి రింగు, అదే ఫెర్రూల్.