గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ జత కుదర్చడం: కొలతలు ముందు, కొనుగోలు తర్వాత

పాత మహీంద్రా జీపుకు బలమైన గేరుబాక్సు ఎక్కించాలనుకునేవారు బెంగళూరులో సాధారణంగా శివాజీనగర్‌లో పాత సామాన్ల బజారైన గుజిరీకో, జేసీ రోడ్డుకో వెళ్లి, ముందు గేరుబాక్సు కొని, ఆ తర్వాత దానికి తగిన అడాప్టర్ కోసం వెతుకుతారు. ఈ వరుసను తలకిందులు చేయాలి. అడాప్టర్ అంటే గేరుబాక్సుకూ, దాని శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ నడుమ బిగించే ఒక లోహపు దిమ్మె. దాన్ని పీణ్య పారిశ్రామికవాడలో నాణ్యమైన లేతు పని చేసేవారి చేత చేయించుకోవచ్చు. అంత తేలిగ్గా చేయించలేనిది గేరుబాక్సు వెనక నుంచి బయటికి వచ్చే మెయిన్ షాఫ్ట్. బోల్టు రంధ్రాలు కలవకపోతే కొత్తవి వేసుకోవచ్చు గానీ, స్ప్లైన్లు (షాఫ్టు పొడవునా కోసిన పళ్లు) కలవకపోతే వేరే షాఫ్టో, ట్రాన్స్‌ఫర్ కేసుకు వేరే ఇన్‌పుట్ గేరో దొరికేదాకా పని ఆగిపోతుంది.

గేరుబాక్సు పేరు వినగానే అన్నీ తెలిసినట్టు కాదు. జనరల్ మోటార్స్ ట్రక్కుల ఎస్‌ఎం465 గేరుబాక్సు ఫోర్ వీల్ డ్రైవ్ రకంలోనే మొదట 10 స్ప్లైన్లతోనూ, తర్వాతి కాలంలో 32 స్ప్లైన్లతోనూ వచ్చింది. ఎన్‌పీ231 ట్రాన్స్‌ఫర్ కేసు ఇన్‌పుట్ గేరులో 21 స్ప్లైన్లది, 23 స్ప్లైన్లది రెండూ ఉన్నాయి. టూ వీల్ డ్రైవ్ బండి నుంచి తీసిన గేరుబాక్సుకు ముందు భాగమంతా అదే అయినా, వెనక షాఫ్టూ టెయిల్ హౌసింగూ వేరుగా ఉంటాయి కాబట్టి, ఇది ఏ బండిలోనుంచి వచ్చింది అన్నది దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న. వీలైతే గేరుబాక్సునూ ట్రాన్స్‌ఫర్ కేసునూ విడదీయకుండా జతగా కొనడమే మేలని నా అభిప్రాయం. ధర ఎక్కువైనట్టు కనిపించినా లేతు కూలీతో కలిపి చూస్తే అదే చవక.

స్ప్లైన్లు లెక్కించేటప్పుడు ముందుగా షాఫ్టును కిరోసిన్‌తో కడిగి, ఒక పంటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, చుట్టూ తిరిగి గుర్తు దగ్గరికి వచ్చేవరకు లెక్కపెట్టి, మళ్లీ ఎదురు దిశలో ఒకసారి సరిచూసుకోవాలి. బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచేటప్పుడు ఒక సంగతి గమనించాలి: 21, 23 వంటి బేసి సంఖ్య ఉన్న షాఫ్టులో ఒక పంటికి సరిగ్గా ఎదురుగా మరో పన్ను ఉండదు, రెండు పళ్ల మధ్య గాడి ఉంటుంది, అందువల్ల వచ్చే కొలత అసలు వ్యాసం కన్నా కొద్దిగా తక్కువగా ఉంటుంది. సంఖ్య కలిసినంత మాత్రాన గేరు ఎక్కుతుందనీ అనుకోకూడదు, పంటి ఆకారమూ వ్యాసమూ కూడా కలవాలి. ఇన్‌పుట్ గేరును వెంట తీసుకెళ్లి షాఫ్టు మీదకు జార్చి చూడటానికి మించిన పరీక్ష లేదు. అదే సమయంలో పళ్ల పక్కల మీద గోటితో గీసి చూస్తే, పాత గేరు కూర్చున్నచోట అరుగుదల వల్ల ఏర్పడిన మెట్టు ఉందో లేదో తెలుస్తుంది. గోరు తట్టుకునేంత మెట్టు ఉన్న షాఫ్టును వదిలేయండి.

తర్వాతి కొలత పొడవు. గేరుబాక్సు వెనక ముఖం నుంచి షాఫ్ట్ కొస వరకు ఎంత బయటికి వచ్చిందో, ట్రాన్స్‌ఫర్ కేసు ముఖం నుంచి ఇన్‌పుట్ గేరు స్ప్లైన్ల మొదలుకూ చివరకూ ఎంత లోతు ఉందో కొలిచి, కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. అడాప్టర్ మందం ఎంతుండాలో ఈ బొమ్మే చెబుతుంది. స్ప్లైన్లు ఒకదానిలో ఒకటి కనీసం షాఫ్ట్ వ్యాసమంత పొడవున కూర్చోవాలి. షాఫ్ట్ కొస మాత్రం లోపల దేనికీ ఆనకూడదు, రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకుండా బోల్టులు బిగిస్తే ఆ ఒత్తిడంతా బేరింగుల మీద పడి, అవి త్వరగా పోతాయి.

అడాప్టర్‌ను కేంద్రంలో నిలిపేది బోల్టులు కాదు, రెండు వైపులా ఉండే గుండ్రటి గట్టూ, అది కూర్చునే గుండ్రటి రంధ్రమూ, అంటే బోరూ. పాత జీపుల డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసులో ఈ బోరు రెండు రకాలు: ఒకటి దాదాపు 80 మి.మీ., రెండోది 101.6 మి.మీ. బోల్టుల అమరిక రెండింటికీ ఒకటే కాబట్టి బిగించేదాకా తేడా కనిపించకపోవచ్చు. లేతులో పని చేయించేటప్పుడు బోరునూ, గట్టునూ, ముఖాలనూ వీలైనంతవరకు ఒకే బిగింపులో తీయమని టర్నర్‌కు ముందే చెప్పాలి. తిప్పి బిగించక తప్పనిచోట డయల్ గేజీ పెట్టి కేంద్రం సరిచూశాకే కోత మొదలుపెట్టమనాలి. పని అయ్యాక మాగ్నెటిక్ స్టాండుతో డయల్ గేజీని షాఫ్ట్ మీద నిలిపి, అడాప్టర్ బోరు చుట్టూ తిప్పి సూది ఎంత కదిలిందో మీరే చూడండి. కేంద్రం తప్పిన అడాప్టర్ మొదటి రోజున ఏమీ అనదు, తర్వాత సీలునూ బేరింగునూ తినేస్తుంది.

ముందు ఇరుసుకు వెళ్లే షాఫ్ట్ ఏ వైపు దిగుతుందన్న విషయంలో మనవాళ్లు తరచుగా పొరబడతారు. అమెరికా కేటలాగుల్లో డ్రైవర్ వైపు అంటే ఎడమ, ప్యాసింజర్ వైపు అంటే కుడి. మన దేశంలో అది సరిగ్గా తిరగబడుతుంది. అందుచేత కుడి, ఎడమ అన్న మాటలే వాడండి. డానా 18 ఉన్న పాత మహీంద్రా జీపుల్లో ముందు డిఫరెన్షియల్ కుడివైపు ఉంటుంది కాబట్టి, కుడివైపు దిగే డానా 20, డానా 300 వాటికి కుదురుతాయి. ఎడమవైపు దిగే చెరోకీ ఎన్‌పీ231 కుదరదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది: డానా 18లో వెనక షాఫ్ట్ కూడా కుడివైపు నుంచే వెళ్తుంది, వెనక ఇరుసు గుండు (డిఫరెన్షియల్ ఉండే భాగం) కూడా అటే ఉంటుంది. డానా 300లో వెనక షాఫ్ట్ మధ్య నుంచి వస్తుంది కాబట్టి, దానితోపాటు గుండు మధ్యలో ఉన్న వెనక ఇరుసును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

మారుతి జిప్సీ యజమానులకు ఈ బాధ చాలామటుకు లేదు. అందులో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకోకుండా విడిగా ఉంటుంది, రెంటినీ ఒక పొట్టి షాఫ్ట్ కలుపుతుంది. గేరుబాక్సు మారిస్తే ఆ షాఫ్ట్ పొడవూ, ఫ్లాంజీ, కోణమూ చూసుకుంటే చాలు.

నిష్పత్తుల లెక్క సులువు: మొదటి గేరు, ట్రాన్స్‌ఫర్ కేసు ‘లో’ రేంజి (తక్కువ వేగపు గేరు), ఇరుసు, ఈ మూడింటినీ గుణించాలి. సీజే-3బీ జీపులో టీ-90 గేరుబాక్సుకు మొదటి గేరు 2.798, డానా 18కు ‘లో’ రేంజి 2.46, ఇరుసు 5.38, మొత్తం దాదాపు 37. టీ-90 స్థానంలో 6.32 మొదటి గేరున్న టీ-18 పెడితే అది దాదాపు 84 అవుతుంది. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు అనుకుంటే, ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు బండి గంటకు 3.7 కిలోమీటర్లకు బదులు సుమారు 1.6 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. చక్రాలకు చేరే బలం రెట్టింపును దాటుతుందని, ఇరుసు షాఫ్టులు మాత్రం పాతవేనని మరవకూడదు. టీ-18లోనే మొదటి గేరు 4.02 ఉన్న రకమూ ఉంది. దుకాణంలోనే మొదటి గేరు వేసి, వెనక షాఫ్ట్ ఒక చుట్టు పూర్తయ్యేలోగా ముందు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే ఏ రకమో తేలిపోతుంది.

గేరుబాక్సూ అడాప్టరూ కలిసి పాతదానికన్నా ఎంత పొడవు పెరిగితే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ అంత పొట్టిదవుతుంది, దాని వాలు పెరుగుతుంది. సీజే-3బీ వీల్‌బేస్ 80 అంగుళాలే కాబట్టి అక్కడ ప్రతి అంగుళమూ లెక్కకు వస్తుంది. రెండు చివరలా ఒక్కో క్రాసు (కోణంలోనూ తిరగనిచ్చే కీలు) ఉన్న షాఫ్టుకు ఆ రెండు కోణాలూ సమానంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ దాటితే వణుకు తెలుస్తుంది. వెనక మౌంటు స్థానం మారుతుంది గనుక క్రాస్ మెంబరును (చాసిస్ అడ్డపట్టీని) కొత్త చోట బిగించాలి. అంత బరువును అడాప్టర్ బోల్టుల మీద వేలాడదీయకూడదు.

నూనె విషయంలో, గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ నడుమ సీలు ఉందా లేదా అన్నది అడాప్టర్ చేయించేటప్పుడే తేల్చుకోవాలి. ఎన్‌పీ231కు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల నూనె) పోస్తారు, పాత గేరుబాక్సుల్లో గేర్ ఆయిలు ఉంటుంది. సీలు లేకపోతే రెండూ కలిసిపోతాయి. ఇత్తడి సింక్రో రింగులున్న గేరుబాక్సులో జీఎల్-4 తరగతి గేర్ ఆయిలు పోయాలి, కొన్ని జీఎల్-5 నూనెల్లోని గంధకం ఆ ఇత్తడిని తినేస్తుంది.

రోడ్డు మీద తిరిగే బండి అయితే పని మొదలుపెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో విచారించండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది.

అన్నీ బిగించాక ప్రొపెల్లర్ షాఫ్టులు తగిలించకముందే, ప్రతి గేరులోనూ, హై, లో రెండు రేంజుల్లోనూ చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా ఒకే చోట బిగుతుగా తగిలితే, ముందు అడాప్టర్ బోల్టులు అర చుట్టు వదిలి మళ్లీ తిప్పండి. బిగుతు పోతే తప్పు గేరుల్లో లేదు, షాఫ్ట్ కొస ఆనుతున్నట్టు గానీ కేంద్రం తప్పినట్టు గానీ లెక్క.