బ్లాక్ చేసినా ఆగని రికార్డెడ్ కాల్స్: సమస్య - పరిష్కారం

ఓ మధ్యాహ్నం మా అమ్మ చపాతీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. పిండి అంటని చిటికెన వేలితో స్పీకర్ ఆన్ చేసింది. లోన్ కావాలా అని ఎవరో అమ్మాయి గొంతు. "వద్దమ్మా, మాకు అప్పులేం అక్కర్లేదు" అంది అమ్మ. అవతలి గొంతు ఆగలేదు. "చెప్తున్నాగా తల్లీ, వద్దని" అని అమ్మ మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. "వివరాలకు 1 నొక్కండి" అన్నాక గానీ అది రికార్డింగ్ అని ఆమెకి తెలియలేదు. నాకు చాలా బాధేసింది. ఆ నంబరు బ్లాక్ చేశాను. మర్నాడు ఇంకో నంబరు నుంచి అదే గొంతు.

సమస్య: ఎన్ని నంబర్లు బ్లాక్ చేసినా కొత్తవి వస్తూనే ఉన్నాయి

కారణం: బ్లాక్ చేస్తే ఆ నంబరు మీ ఒక్క ఫోన్‌కే రాదు. అవతలివాళ్ళ లైన్‌కి ఏమీ కాదు, వాళ్ళ దగ్గర నంబర్లు బోలెడు. నిజానికి ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. బ్యాంకులు మన ఖాతా పని మీద చేసే కాల్స్ కోసం 1600 సిరీస్ ఉంది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి లోన్లు, ప్లాట్లు అమ్మజూపితే అది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం.

పరిష్కారం: బ్లాక్ చేసే ముందు ఫిర్యాదు చేయండి. 1909కి ఫోన్ చేయొచ్చు. లేదా కాల్ దేని గురించో రెండు ముక్కలు, కామా, వచ్చిన నంబరు, కామా, తేదీ రాసి అదే 1909కి ఎస్సెమ్మెస్ పంపొచ్చు. ట్రాయ్ డీఎన్‌డీ (ప్రచారం కాల్స్ వద్దని నమోదు చేసుకునే ఏర్పాటు) యాప్ అయితే కాల్ లిస్టులోంచి నంబరు ఎంచుకుంటే చాలు.

"నా ఒక్కడి ఫిర్యాదుతో ఏమవుతుంది" అనుకోకండి. 2018 నాటి నిబంధనలను ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సవరించింది. అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తేగానీ రిజిస్టర్ కాని కాలర్ (ప్రచారం కాల్స్ కోసం టెలికాం కంపెనీ దగ్గర నమోదు చేసుకోనివాళ్ళు) మీద చర్య మొదలయ్యేది కాదు. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. చర్య తీసుకోడానికి టెలికాం కంపెనీకి గతంలో 30 రోజుల గడువుండేది, ఇప్పుడు ఐదు రోజులే. మొదటిసారి తప్పు తేలితే ఆ కాలర్ లైన్లన్నిటికీ 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్ళీ చేస్తే ఏడాదిపాటు అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు కట్. అంటే మీలాగే విసిగిపోయిన మరో నలుగురు కలిస్తే చాలు. అందుకే ఇంట్లో ఎవరెవరికి అదే కాల్ వస్తే వాళ్ళందరి ఫోన్ల నుంచీ విడివిడిగా పంపండి.

నాకు ఇంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకోటి కనిపించింది. ఇలాంటి అనవసర కాల్స్ లెక్క తప్పుగా చూపించే టెలికాం కంపెనీకి మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆ తర్వాత ప్రతిసారీ 10 లక్షల రూపాయల జరిమానా. కాల్స్ ఆపగలిగేది ఆ లైన్లు ఇచ్చినవాళ్ళే. భారం వాళ్ళ మీద పడాల్సిందే.

సమస్య: ఫిర్యాదు చేస్తే తిరస్కరించారు

ఆలస్యం ఒక కారణం కావచ్చు. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చేయాలి, ఇదివరకు మూడు రోజులే ఉండేది. తేదీ, నంబరు తప్పు పడ్డాయేమో కూడా చూసుకోండి. డీఎన్‌డీ పెట్టుకోలేదు కాబట్టి కుదరదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రిజిస్టర్ కాని కాలర్ మీద ఫిర్యాదుకి ఇప్పుడు ఆ షరతు లేదు.

సమస్య: డీఎన్‌డీ ఉంది, అయినా 140 నంబర్ల నుంచి కాల్స్

కారణం: ఎప్పుడో ఏదో షాపు ఫారంలోనో, యాప్‌లోనో మీరు ఒప్పుకుని ఉంటారు. ఆ ఒప్పుదల డీఎన్‌డీని దాటి పనిచేస్తుంది.

పరిష్కారం: ఆ ఒప్పుదల వెనక్కి తీసుకోండి. తీసుకున్నాక 90 రోజులదాకా వాళ్ళు మళ్ళీ అడగకూడదు. డీఎన్‌డీ ఇంకా పెట్టుకోకపోతే ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి, ఖాళీ వదిలి, సున్నా కొట్టి 1909కి పంపండి.

సమస్య: ఎత్తితే మాట వినపడదు, కట్ అవుతుంది

ఆటో డయలర్ ఒకేసారి చాలా నంబర్లకు కలుపుతుంది. మీరు ఎత్తిన క్షణాన మాట్లాడటానికి అవతల మనిషి ఖాళీగా లేకపోతే అంతా నిశ్శబ్దం. టెన్షన్ పడి తిరిగి ఫోన్ చేయకండి.

సమస్య: "మీ సిమ్ ఆగిపోతుంది, 9 నొక్కండి" అని బెదిరింపు

ఇది ప్రచారం కాదు, మోసం. సిమ్ ఆపేస్తామని ట్రాయ్ ఎవరికీ ఫోన్ చేయదు. ఏ అంకె నొక్కినా ఈ నంబరు వాడుకలో ఉందని వాళ్ళకి తెలుస్తుంది, అందుకే ఏమీ నొక్కకుండా పెట్టేసి, ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో, మోసపు కాల్స్ గురించి చెప్పే చక్షు విభాగంలో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే అన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.