డ్రాగ్ బిగించినా లైన్ పోతోందా? రీల్ మార్చే ముందు ఇది చూడండి

చెరువులు నిండి మత్తడి పడ్డాయంటే చాలు, రాడ్, రీల్‌తో చేపలు పట్టేవాళ్ల నుంచి ఈ ఫిర్యాదు మొదలవుతుంది. "అన్నా, కొత్త రీల్. డ్రాగ్ మొత్తం బిగించిన. అయినా చేప లైన్ గుంజుకపోతుంది. డూప్లికేట్ మాల్ ఇచ్చిండు." పానగల్ ఉదయ సముద్రం దగ్గరైనా, కోయిల్‌సాగర్ దగ్గరైనా ఇదే మాట. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కాస్త కాస్త వదిలే బ్రేకు. రీల్ విప్పి చూస్తే డ్రాగ్ వాషర్లు శుభ్రంగా ఉంటాయి. ఎక్కువసార్లు తప్పు రీల్‌లో ఉండదు, దాని మీద లైన్ చుట్టిన తీరులో ఉంటుంది. అది తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం పెట్టకుండానే జనం ఇంకో రీల్ కొంటారు.

కొనేటప్పుడు

స్పిన్నింగ్ రీల్ గురించి మనం చూసే వీడియోల్లో చాలావరకు అమెరికాలో బాస్ చేప పట్టేవాళ్లవి. అక్కడ 2500 లేదా 3000 సైజు రీల్, 8 నుంచి 10 పౌండ్ల బరువు ఆపే లైన్ మామూలు లెక్క. బాస్ మన నీళ్లలో లేదు. మనకున్నది కొర్రమట్ట. రెండూ నాచులో, తుంగలో నక్కి ఎర మీదికి దూకేవే కాబట్టి రీల్ సైజు మాట ఇక్కడా పనికొస్తుంది, 3000 తీసుకోండి. లైన్ మాట మాత్రం పనికిరాదు. గాలం తగలగానే కొర్రమట్ట గుర్రపుడెక్క కిందికి దూరుతుంది. దాన్ని అక్కడి నుంచి గుంజాలంటే 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) ఉండాలి.

తక్కువ ధర రీల్‌లో చూడాల్సినవి కొన్నే. స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) అల్యూమినియందా, ప్లాస్టిక్‌దా? హ్యాండిల్ తిప్పి ఆపితే వెనక్కి ఊగుతోందా? డ్రాగ్ కాస్త వదులు చేసి లైన్ లాగితే స్పూల్ ఒకే తీరుగా తిరుగుతోందా, ఆగి ఆగి కుదుపుతో తిరుగుతోందా? డబ్బా మీద రాసిన బేరింగుల సంఖ్యను పట్టించుకోకండి. పన్నెండు నాసిరకం బేరింగుల కంటే మూడు మంచివి నయం.

డ్రాగ్ బిగించినా లైన్ పోవడం, హ్యాండిల్ తిప్పినా లైన్ రాకపోవడం

అందరినీ మోసం చేసేది ఇదే.

ముందు చెవి పెట్టండి. డ్రాగ్ నిజంగా వదులుతుంటే స్పూల్ తిరుగుతుంది, తిరిగేటప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది. చప్పుడు లేకుండా లైన్ పోతుంటే డ్రాగ్‌ను అనుమానించకండి. అక్కడ స్పూల్ కదలడం లేదు. దాని మీదున్న లైన్ చుట్ట మొత్తం ఒక్క ముద్దగా గుండ్రంగా జారుతోంది.

కారణం సాదా సీదాగా ఉంటుంది. బ్రెయిడ్ అంటే పాలిథీన్ పోగుల అల్లిక. అది నున్నగా ఉంటుంది, సాగదు. స్పూల్ కడ్డీ కూడా నున్నటి లోహమే. తంగూసు (నైలాన్ లైన్) అయితే చుట్టేటప్పుడు కాస్త సాగి, మళ్లీ బిగుసుకుని కడ్డీని పట్టుకుంటుంది. బ్రెయిడ్‌కు ఆ గుణం లేదు. మొదట్లో వేసిన ముడి ఎంత గట్టిదైనా లాభం ఉండదు. ముడి విడిపోదు, ముడితో సహా చుట్ట తిరుగుతుంది.

ఇది దొరకకుండా తప్పించుకోవడానికి కారణం, చిన్న బరువుకు బయటపడకపోవడం. దుకాణంలో చేత్తో లాగితే గట్టిగానే ఉంటుంది. జిలేబి చేపలు, అరకిలో మట్టలు ఎన్ని పడ్డా ఏమీ తెలియదు. రెండు కిలోలది పడి గుర్రపుడెక్కలోకి తిరిగిన రోజే చుట్ట జారుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? డ్రాగ్ నాబ్‌ను ఇంకా తిప్పుతాడు. లైన్ ఆగదు. హ్యాండిల్ తిప్పితే స్పూల్ చుట్టూ లైన్ చుట్టే రోటర్ తిరుగుతుంది, చుట్ట కూడా దానితోపాటే తిరుగుతుంది, చేప మాత్రం దగ్గరికి రాదు. గేర్లు పోయాయనుకుంటాడు. ఇంటికెళ్లి రీల్ విప్పితే లోపల అన్నీ బాగుంటాయి. విప్పిన రీల్‌ను తిరిగి బిగించేటప్పుడు ఏదో ఒక వాషర్ తప్పిపోతుంది, అప్పుడు నిజంగానే డ్రాగ్ చెడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. లైన్ కొసను తుమ్మ చెట్టుకో, గేటుకో కట్టండి. డ్రాగ్ పూర్తిగా బిగించండి. మార్కర్ పెన్నుతో స్పూల్ అంచు మీద ఒక చుక్క, దానికి ఎదురుగా లైన్ చుట్ట మీద ఇంకో చుక్క పెట్టండి. రాడ్‌ను లైన్‌కు సూటిగా పట్టుకుని వెనక్కి నడుస్తూ బలంగా లాగండి. చేతికి లైన్ చుట్టుకుని లాగొద్దు, బ్రెయిడ్ బ్లేడులా కోస్తుంది. రెండు చుక్కలూ ఎదురెదురుగానే ఉండి స్పూల్ తిరిగితే తప్పు డ్రాగ్‌ది. చుక్కలు విడిపోతే తప్పు చుట్టడానిది.

పరిష్కారం చవక. బ్రెయిడ్ మొత్తం విప్పండి. పొలం గట్టు మీద పరుచుకుంటూ నడిస్తే చిక్కు పడదు. స్పూల్ మీద మొదట 0.30 మిల్లీమీటర్ల తంగూసు చుట్టండి. జారకుండా ఉండటానికి పది, పదిహేను చుట్లు చాలు. స్పూల్ నిండటానికి ఎంత కావాలన్నది వేరే లెక్క, అది కింద చెప్తాను. తంగూసు కొసకు డబుల్ యూని ముడితో బ్రెయిడ్ కలిపి, తోకలు దగ్గరగా కత్తిరించండి. తర్వాత బ్రెయిడ్‌ను తడిగుడ్డ మధ్య పట్టుకుని బిగువుగా చుట్టండి. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పైపొర కింది పొరల్లోకి దిగబడుతుంది, తర్వాతి విసురులో అక్కడే చిక్కుకుని ఆగిపోతుంది.

తంగూసుకు బదులు కరెంటు టేపు వేసేవాళ్లున్నారు. నల్లగొండ ఎండలకు బండి డిక్కీలో పెట్టిన రీల్ మీద ఆ టేపు జిగురు కరిగి పక్కకు జారుతుంది. టేపే వేయాలనుకుంటే గుడ్డ ప్లాస్టర్ ఒక చుట్టు వేయండి. స్పూల్ కడ్డీ మీద ముందే రబ్బరు పట్టీ ఉంటే ఇవేవీ అక్కర్లేదు, బ్రెయిడ్ నేరుగా కట్టొచ్చు.

తంగూసుతో ఇంకో లాభం డబ్బు. కట్ట మీద నుంచి ముప్పై, నలభై మీటర్లకు మించి విసరం. వంద మీటర్ల బ్రెయిడ్ చాలు, కింద మిగిలిన ఖాళీ చవకైన తంగూసుతో నిండుతుంది. ఎంత తంగూసు పడుతుందో తెలియాలంటే తలకిందులుగా మొదలుపెట్టండి. ముందు బ్రెయిడ్ చుట్టి, దాని మీద స్పూల్ నిండేవరకు తంగూసు చుట్టి అక్కడ కత్తిరించండి. తర్వాత మొత్తం విప్పి తిరగేసి చుడితే కొలత సరిగ్గా వస్తుంది.

విసిరినప్పుడు ఉంగరాలు ఉంగరాలుగా వచ్చి చిక్కుపడటం

స్పూల్ నిండా నింపితే దూరం పోతుందని అంచు దాకా చుడతారు. అంచుకు రెండు మిల్లీమీటర్లు కిందే ఆపాలి. అంతకు మించితే ఒక్క విసురుకు పది చుట్లు ఒకేసారి జారతాయి. పైన ఉన్న నాలుగైదు మీటర్లు కోసేయండి, అయిపోతుంది.

నిండుదనం సరిగ్గానే ఉన్నా చిక్కు వస్తుంటే, లైన్‌ను స్పూల్ మీదికి మళ్లించే తీగైన బెయిల్‌ను హ్యాండిల్ తిప్పి మూస్తున్నారన్నమాట. చేత్తో మూయండి, లైన్‌ను ఒకసారి వేలితో లాగి బిగువు చేసి అప్పుడు తిప్పండి. ఈ మాట ఎంత చెప్పినా ఎవరూ వినరు.

లైన్ మెలి తిరిగి చుట్టలు చుట్టుకోవడం

ఇది తంగూసు వాడేవాళ్ల బాధ. చేప లైన్ లాక్కుంటుండగా హ్యాండిల్ తిప్పుతూనే ఉంటే, 5.2:1 గేరున్న రీల్‌లో హ్యాండిల్ ఒక్క తిప్పుకు రోటర్ ఐదుసార్లు తిరిగి ఐదు మెలికలు పడతాయి. డ్రాగ్ వదులుతున్నప్పుడు తిప్పకండి, రాడ్ ఎత్తి ఆగండి. పడ్డ మెలికలు తీయాలంటే కొసన గాలం, ఎర ఏమీ లేకుండా సాగర్ ఎడమ కాలువ లాంటి పారే నీళ్లలో యాభై మీటర్లు వదిలి, కాసేపు ఉంచి చుట్టుకోండి. గట్టు మీద నిలబడే చేయండి, కాలువలోకి దిగొద్దు.

చేప పడగానే తెగిపోవడం

కొసను వేళ్ల మధ్య పట్టి చూడండి. పిగ్‌టెయిల్ లాగా వంకర తిరిగి ఉంటే ముడి జారింది. మామూలు క్లించ్ ముడి బ్రెయిడ్‌లో నిలవదు, పాలోమార్ వేయండి. ముడి బాగుంటే డ్రాగ్ ఎక్కువ బిగించారు. 20 పౌండ్లంటే దాదాపు తొమ్మిది కిలోలు, డ్రాగ్ అందులో మూడో వంతు దాటకూడదు. కాటా లేకపోతే నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాను లైన్‌కు కట్టి రీల్‌తో నేరుగా ఎత్తండి. సీసా లేచి, చిన్న కుదుపుకు స్పూల్ కాస్త కదిలితే సరిపోతుంది.

మిగతావి

లైన్ రోలర్ (బెయిల్ కొసన లైన్ ఆనుకునే చిన్న చక్రం) తిరగకుండా పట్టేయడం, బెయిల్ స్ప్రింగ్ విరగడం, వాషర్ అరగడం ఎప్పుడో గానీ జరగవు. రోలర్‌కు కుట్టు మిషన్ నూనె ఒక చుక్క చాలు. ఆ నూనె డ్రాగ్‌లో పోయకండి. కొబ్బరి నూనె ఎక్కడా పోయకండి, చలికాలం గడ్డకట్టి కూర్చుంటుంది.

బ్రెయిడ్ ముందు భాగం రంగు వెలిసి నూగు లేచిందని కొత్తది కొనేవాళ్లు ఇంకొందరు. లోపలి సగం నీళ్లే చూసి ఉండదు. తంగూసు ముడి దగ్గర కోసి, బ్రెయిడ్‌ను తిరగేసి చుట్టండి, ఇంకో వానాకాలం వస్తుంది.