సీసా మూతలు, పెళ్లి కార్డులతో కోడింగ్

మా పాప స్క్రాచ్‌లో (బ్లాకులు పేర్చి పిల్లలు కోడింగ్ నేర్చుకునే ప్రోగ్రామ్) బ్లాకులు ఇష్టమొచ్చినట్టు లాగి పెట్టేది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ‘రిపీట్’ బ్లాకు ఎందుకో ఎంత చెప్పినా బుర్రకెక్కేది కాదు. కంప్యూటర్ కట్టేసి నేల మీద ముగ్గుతో మొదలుపెడితే ఒక్క సాయంత్రంలో అర్థమైపోయింది.

16 సీసా మూతలు నాలుగు వరుసల్లో, జానెడు దూరంలో పెట్టండి. ఇవే ముగ్గు చుక్కలు. పాత పెళ్లి కార్డుల్ని 9 ముక్కలు చేసి, నాలుగింటి వెనక ‘ముందుకు’, నాలుగింటి వెనక ‘కుడికి తిరుగు’, ఒకదాని వెనక ‘4 సార్లు’ అని రాయించండి. ఇంకో మూత మీద స్కెచ్‌పెన్‌తో బాణం గీయండి, అది ఎటు చూస్తోందో తెలియాలి కదా. పిల్లలు కార్డులు పేర్చాలి. మీరు కార్డు చెప్పినట్టే మూత జరుపుతూ సుద్దముక్కతో గీత గీయాలి. తప్పు పేర్చినా వెంటనే దిద్దకండి, గీత పక్కకు పోవడం వాళ్లనే చూడనివ్వండి. చదరానికి 8 కార్డులు పడతాయి. అప్పుడు ‘4 సార్లు’ కార్డు చేతికివ్వండి, మూడింటితో పని అయిపోతుంది. మా పాప మిగిలిన ఆరు కార్డులూ పట్టుకుని ఇల్లంతా తిరిగింది!

తర్వాత స్క్రాచ్‌లో గీతలు గీసే పెన్ ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుని, పెన్ డౌన్ పెట్టి, రిపీట్ 4 లోపల మూవ్ 100, టర్న్ 90 పెట్టండి. దీన్నంతా రిపీట్ 8లో ఉంచి, అందులోనే చివర టర్న్ 45 కలిపితే పువ్వు ముగ్గు పడుతుంది. త్రిభుజమైతే 60 కాదు, 120 తిప్పాలి.

మెలికల ముగ్గుకు మాత్రం ఇది పనికిరాదు, ఆ వంపులు ఈ కార్డులకు లొంగవు.